శివారు

ముక్కు పక్కన బఠాణీ గింజంత పుండు.
మూడేళ్ళు మంగలి కత్తి గాటనుకున్నాను.
ముప్పై రెండేళ్ళు ఎండలో లాకు చక్రం తిప్పిన మొహం,
మీద ఓ మచ్చ ఉంటే ఎవడు పట్టించుకుంటాడు?
అమలాపురంలో లలితాంబ గారు భూతద్దం పెట్టి చూసి
"క్యాన్సరే, కానీ మెల్లగా నడిచే రకం" అన్నారు,
లాంచీ గురించి చెప్పినట్టు.

ఓ పొర తీస్తారు. పక్కగదిలో గడ్డకట్టించి, రంగులద్ది,
అద్దాల కింద అంచులు వెతుకుతారు.
ఇంకా కనబడితే మళ్ళీ ఓ పొర.
పొరకీ పొరకీ మధ్య ముప్పావుగంట:
మొహం మీద గుడ్డ, నేను, గోడ గడియారం.

మొదటి సూదికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
"సోడా కలిపాం బాబాయ్, లేకపోతే ఇంకా మండును"
అంది సిస్టర్ ఎస్తేరు.
కాసేపటికి బుగ్గ నాది కాకుండా పోయింది.
తట్టి చూస్తే ఎవరిదో తలుపు తట్టినట్టుంది.

లస్కరుని కదా, అడక్కుండా ఉండలేను.
ఈ మందు ఎంతసేపు నిలుస్తుందమ్మా, ఎటు పోతుంది?
నెత్తురే మోసుకుపోతుందట.
అందుకని దాన్లో ఇంకో మందు కలుపుతారట,
నెత్తుటి దారులు ముడుచుకునేది.
"అంటే తలుపులు దించేస్తారన్నమాట."
డాక్టరమ్మ సూది పైకెత్తి పట్టుకుని కాస్త ఆలోచించి
"అంతే" అన్నారు.

తిమ్మిరి ఉండగానే మళ్ళీ పొడిచారు,
ఈసారి నిదానంగా ఎక్కి నిదానంగా దిగే రకం.
పొడిచినట్టే తెలీలేదు.
ఇదీ నాకు వచ్చిన విద్యే. తడి ఆరకముందే తడపాలి.
బీట తీసిన చేనుకి రెండింతలు పెట్టినా
నెర్రెలు తాగేస్తాయి, మొక్కకి మిగలదు.

మూడో పొర. కత్తి కంటి మూలకి జరిగింది.
అక్కడ, సన్నగా, గడ్డిపరకతో గీసినట్టు.
"అమ్మా, శివారుకి అందలేదు."

కత్తి ఆగింది.
"ఎక్కడ?"
వేలితో చూపించబోతే ఎస్తేరు చెయ్యి పట్టుకుంది.
"నోటితో చెప్పండి చాలు."
చెప్పాను. నమ్మారు.
ఆ మూలకి, ఆ ఒక్క మూలకి, మరికాస్త మందు పంపి
వాచీ చూసుకుంటూ పది నిమిషాలు కూర్చున్నారు.

పది నిమిషాలు.
ఉప్పలగుప్తం అవతల, ఉప్పుగాలి తగిలే చోట
నల్లా సూరమ్మది ఎకరం పాతిక సెంట్లు.
ఓ దాళ్వాలో, పొట్టమీదున్న చేను మాడిపోతుంటే
నాలుగు దుబ్బులు పీక్కొచ్చి నా రిజిస్టరు మీద పెట్టింది.
ఏమీ అనలేదు.
నేను గేజి పలక చూపించాను: నిండుగా ఉంది చూడు.
వస్తుంది, రేపటికి వచ్చేస్తుంది.
ఆ ముక్క ఎంతమందితో ఎన్నిసార్లు అన్నానో
ఏ రిజిస్టర్లోనూ రాసి లేదు.
ఎక్కడ, అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.
లాకు దగ్గర నిండుగా ఉంటే
కాలవంతా నిండుగా ఉన్నట్టే మా లెక్క.
దుబ్బుల మట్టి దులిపి, ఆ రోజు నీటిమట్టం రాసుకున్నాను.

నాలుగింటికి "అంచులు శుభ్రం" అన్నారు.
ఏడు కుట్లు.
బస్టాండులో టీ తాగితే సగం చొక్కా తాగింది.
పక్కన కూర్చున్న పిల్లాడు నవ్వాడు,
నేనూ నవ్వాను, వచ్చినంత మేర.

రాత్రి. కరెంటు లేదు. కాలవలో కప్పలు.
మందు దిగుతోంది.
పెదవి మీద ఇంకా నిండుగానే ఉంది,
బుగ్గ మీద మోకాలి లోతు.
ముందు ఎండింది కంటి మూలే.

నొప్పి మొదలవకముందే మాత్ర వేసుకోమన్నారు.
తలగడ పక్కనే ఉంది, చెంబులో నీళ్ళూ ఉన్నాయి.
కాసేపు ఆగుదామని కూర్చున్నాను,
అక్కడ ఎలా ఉంటుందో
చూద్దామని.